కిరిందా పిల్లల పలుకు: శ్రీలంక విద్యామంత్రివర్యులకు బహిరంగ లేఖ



మీ రాజ్యముతో గాని మీ విద్యాశాఖతో గాని ఎట్టి సంబంధమును లేని తెలుగువాడొకడు, మీ కార్యాలయమున బహుశః ఎవ్వరును చదువజాలని లిపిలో, మీ పాఠశాలలను గూర్చి ఉత్తరము వ్రాయబూనుట సాహసమే యగును. అయినను బహిరంగ లేఖ యనునది పైన పేరున్న వారికంటె పక్కనున్న వారి కొరకే యెక్కువగా వ్రాయబడునది గనుక, మీ ద్వీపమున సుమారు 40,000 మంది యున్న మలయ జాతివారిని గూర్చియు, వారి యిండ్లలో తరతరములుగా వినబడుచు వచ్చిన భాషను గూర్చియు నా దేశీయులు కొంత తెలిసికొందురుగాక యనియు, వారిలో సింహళమో తమిళమో బాగుగా నేర్చినవారెవరైన దీని సారమును మీ చెవిని వేయుదురుగాక యనియు ఆశించి వ్రాయుచున్నాను. నా మనవి చిన్నది. ఆ భాషను కౌలాలంపూర్ ప్రమాణమునకు దిద్దకుండ, దాని యింటి రూపముననే మీ ప్రాథమిక పాఠశాలలోనికి రానిండు.

మలయులు మీ తీరమునకు చేరిన తీరు పొట్ట చేతబట్టుకొని పోవు వలసవంటిది కాదు. తూర్పు దీవులలో తమకు తలయొగ్గని రాజులను, ప్రజలు గురువులుగా కొలుచు మతాచార్యులను డచ్చి కంపెనీవారు మీ ద్వీపమునకు ప్రవాసమంపుచుండిరి. మకస్సర్‌కు చెందిన షేక్ యూసుఫ్ 1684లో ఇట్లు వచ్చి, పదేండ్లు మీ ద్వీపమున గడపిన పిమ్మట, 1694లో మరింత దూరముగ ఆఫ్రికా దక్షిణాగ్రమునకు తరలింపబడెను. జావాలో మతరాం సింహాసనమును పోగొట్టుకొన్న మూడవ అమంగ్కురాత్ 1708లో వచ్చెను. ఇట్టి వారి వెంట భార్యలు, బిడ్డలు, పరివారము దిగిరి. మరియొక వంక కంపెనీ సైన్యమున చేరిన సిపాయిలు, శిక్షపడిన ఖైదీలు, బానిసలు అవే ఓడలలో వచ్చిరి. జావా రాకుమారునకును అంబోన్ సిపాయికిని మాతృభాష ఒకటి కాదు; వారందరికిని ఉమ్మడిగా తెలిసినది రేవుపట్టణముల మలయము. అది రాజాస్థానములలో కావ్యములు వ్రాసిన మలయము కాదు. బటావియా రేవున సరకు దింపించుటకును, బజారులో బేరమాడుటకును, దండులో ఆజ్ఞ లిచ్చుటకును పనికివచ్చిన కఱకు భాష. నేటి మీ మలయుల యింటిమాటకు మూలమదియే.

ఈ చరిత్రలో నా కన్ను ఎక్కువసేపు నిలిచిన ఘట్టమొకటి కలదు. అందులో మావారి ఛాయయు కొంత కలదు గనుక చెప్పక మానలేను. 1739 నుండి మీ కొండసీమలోని క్యాండీ రాజ్యము నేలినవారు మధుర వైపునుండి వచ్చిన, తెలుగు మూలములుగల నాయకర్ వంశీయులు. వారిలో కడపటివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. 1803లో ఇంగ్లీషువారు క్యాండీని ఆక్రమించి, మేజర్ డేవీ అను అధికారి క్రింద కొంత దండును అక్కడ నుంచి పోయిరి. ఆ దండులో మలయ సిపాయిలు పెక్కుమంది. వారి నాయకుడు నూరుద్దీన్. డచ్చివారు మీ ద్వీపమునకు ప్రవాసమంపిన, మకస్సర్ సీమలోని గోవా రాజు కుమారుడు. ఆతని సోదరుడే మరియొకడు, సంగుంగ్లో యనువాడు, ఎదుటి పక్షమున క్యాండీ రాజు కొలువులో మలయ భటుల కధిపతి. ఒక్క తండ్రి బిడ్డలు, ఒక్క పలుకు పలుకువారు, ఒక కోట గోడకు లోపల నొకరు, వెలుపల నొకరు నిలిచిరి. జూన్ నెలలో జరిగిన ముట్టడిలో సంగుంగ్లో చనిపోయెను. ఇంగ్లీషు దండు లొంగిపోయిన పిదప నూరుద్దీనును మరియొక సోదరునితో సహా రాజు నెదుటికి కొనిపోగా, తన కొలువున చేరుమని రాజు కోరెననియు, ఇంగ్లండు రాజునకు చేసిన ప్రమాణమును తప్పజాలనని నూరుద్దీన్ నిరాకరించెననియు, అందులకు అన్నదమ్ములిద్దరికిని మరణదండన విధింపబడెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. పండ్రెండేండ్లు తిరిగిరాకముందే ఆ రాజు రాజ్యము కోల్పోయి, వెల్లూరు కోటకు ప్రవాసియై వచ్చి, 1832లో అక్కడనే కన్నుమూసెను. ప్రవాసుల ద్వీపమును పాలించిన రాజు తానును ప్రవాసియై మా వైపునకే వచ్చుట కాలము చేయు చోద్యములలో నొకటి.

ఇంగ్లీషువారి పాలనలో మలయ సైనికులది ప్రత్యేకమైన దళము; అదియే 1827 నుండి సిలోన్ రైఫిల్ రెజిమెంట్ అను పేరున వెలసి 1873లో రద్దయ్యెను. ఆ దండు గుడారముల చుట్టునే ఈ జాతి యొక జాతిగా కుదురుకొన్నదని, ‘ఓరాంగ్ రెజిమెన్’ అను గ్రంథమున బి.ఎ. హుస్సైన్‌మియా సవిస్తరముగా వ్రాసిరి. సిపాయిలు చదువుకొనినవారు. తమ నాటి అరబ్బీ లిపికి మలయ ధ్వనుల కొరకు చ, ఙ, ప, గ, ఞ అను అక్షరములను చేర్చి, దానిని గుందుల్ అని పిలుచుకొని, అందులో కథలు, పద్యములు వ్రాసికొని, ఒకరి ప్రతిని ఒకరు నకలు చేసికొనిరి. ఆ వాతావరణమున పుట్టినవాడే బాబా యూనుస్ సాల్దిన్. ఆయన 1869లో కొలంబోనుండి ‘ఆలామత్ లంకాపురి’ యను మలయ పత్రికను అరబ్బీ లిపిలో వెలువరించెను. సింగపూర్‌లో ‘జావీ పెరానాకన్’ పుట్టుటకు ఏడేండ్లు ముందు! మలయ ద్వీపకల్పముననే మలయ భాషా పత్రిక లేని కాలమున లంకలోని సిపాయిల సంతతి మలయ పత్రికను నడపిన సంగతి మీ పాఠ్యపుస్తకములలో ఎక్కడనైన కలదో లేదో నాకు తెలియదు గాని, ఉండదగినదని మాత్రము నిస్సంశయముగా చెప్పుదును.

అయితే ఆ పత్రికలోని భాష యొకటి. పత్రిక మడచి పక్కన పెట్టి, వంటయింటివైపు తిరిగి సాల్దిన్ మాటలాడిన భాష వేరొకటి. మొదటిది గ్రంథస్థమైన మలయము. రెండవదానికి ఆనాడు పేరు లేదు, వ్యాకరణము లేదు, గౌరవము అంతకంటె లేదు. (ఈ మాటలను నేను గ్రాంథికమున వ్రాయుచు, ఇంటిభాషకు వకాల్తా పుచ్చుకొనుట నా పాఠకులలో కొందరికి నవ్వు తెప్పించునని యెరుగుదును. నవ్వవచ్చును, పెద్దవయసున చేతికి పట్టిన వ్రాత అంత తేలికగా విడువదు, కాని అయిదేండ్ల పిల్లవానికి ఆ ఇబ్బంది ఏల?)

ఆ యింటిభాష యెట్టిదో చెప్పవలెను. తెలుగు చదువరులకు ఇది అత్యంత కుతూహలము గొల్పు విషయము. కౌలాలంపూర్ బడిలో పిల్లవాడు తాను క్యాండీకి వెళ్ళిన సంగతి చెప్పవలసి వచ్చినచో ‘సాయ పెర్గి కె కాండీ’ యనును; కర్త, వెంటనే క్రియ, పిమ్మట ‘కె’ అను చిన్నమాట, ఆ వెనుక ఊరిపేరు. మీ కొండసీమలోని మలయ గృహమున అదే సంగతి ‘సె కాండినాంగ్ సుపి’ యగును. ఊరిపేరు ముందునకు వచ్చినది. దాని వెనుక ‘నాంగ్’ అను ప్రత్యయము మన ‘కి’ వలె అతుకుకొన్నది. క్రియ వాక్యాంతమునకు పోయినది. ‘నేను క్యాండీకి వెళ్ళితిని’ అను తెలుగు వాక్యమును దీని ప్రక్కనుంచి చూడుడు: పదమునకు పదము సరిపోవును. ఆకలిగొన్నవాడు అక్కడ ‘సెదాంగ్ నాసి మావు’ అనును. నాకు అన్నము కావలెను అని అర్థము. ప్రామాణిక మలయమున కోరువాడు ప్రథమా విభక్తిలో కర్తయై నిలువగా, లంకలో ఆతడు మనవలెనే చతుర్థిలోనికి దిగినాడు. ‘పె’ షష్ఠికి, ‘క’ సప్తమికి, ‘యాంగ్’ ద్వితీయకు గుర్తులు. రెండు పేర్లను కలుపవలసినప్పుడు మనము ‘తల్లియు తండ్రియు’ అన్నట్లు వారు ప్రతి పేరు చివరను ‘లె’ చేర్చుదురు. ఒకరి మాటను ఉటంకించినపుడు వాక్యము చివర ‘కథ’ అందురు. ఇది మన పురాణ కథ కాదు; చెప్పుట అను నర్థమిచ్చు మలయ క్రియయే మన ‘అని’ చేయు పనిని చేయుచున్నది. తిని, వెళ్ళి, చూచి అను మన క్త్వార్థకములకు సాటియైనవి కూడ అందు కలవు. అయితే వానికి గుర్తగు ‘అసా’ క్రియకు వెనుక గాక ముందు చేరును. కాలమును దెలుపు ‘సు’ మొదలగునవియు క్రియకు ముందే నిలుచును. నామములు భారతీయ పద్ధతిలో వెనుక ప్రత్యయములను తాల్చగా, క్రియలు మాత్రము తూర్పు దీవుల అలవాటును కొంత నిలుపుకొన్నవి. మాటలేమో దాదాపన్నియు మలయములే. వాని కూర్పు మాత్రము మన ఇరుగుపొరుగుల కూర్పు. కొలంబోలో ‘నా’ అని వినబడు ప్రత్యయము కొండలలో ‘నాంగ్’ అని వినబడుట వంటి మాండలిక భేదములను విడిచి, మొత్తముమీద ఉన్న స్వరూపమును చెప్పితిని. 2009లో సెబాస్టియన్ నార్డ్‌హాఫ్ వెలువరించిన కొండసీమ మలయ వ్యాకరణము చదువువారికి ఇదంతయు విశదమగును.

ఈ మార్పు ఎట్లు వచ్చినదన్న ప్రశ్నకు పండితులలో రెండు పక్షములున్నవి. మలయ సిపాయిలు తమిళము మాటలాడు ముస్లిం స్త్రీలను వివాహమాడుటవలన, తల్లుల నుడికారము బిడ్డల మలయములోనికి దిగి ఒక క్రియోల్ భాష పుట్టినదని యొక పక్షము. అట్టి ఆకస్మిక జననము లేదనియు, సింహళమును తమిళమును రెంటిని నిత్యము మాటలాడుచు వచ్చిన జనుల నోట, తరతరములుగా మలయము మెల్లమెల్లగా రూపుమార్చుకొన్నదని ఉంబెర్టో అన్సాల్దో మున్నగువారి పక్షము. నాకు రెండవదియే సమంజసముగా తోచును. ఏలయన పైన చెప్పిన చతుర్థీ ప్రయోగము, క్రియాంత వాక్యము మొదలగునవి తమిళమునందు ఎంత సహజములో సింహళమునందును అంత సహజములు. ఒక్క తల్లుల పక్షమునకే ఈ ఫలమంతయు కట్టబెట్టనక్కరలేదు. అయితే మంత్రివర్యా, ఈ తగవు పండితులది. బడికి దానితో పనిలేదు. క్రియోల్ అన్న మాటను మాత్రము ‘చెడిపోయిన భాష’ అన్న అర్థమున వాడు అలవాటు విద్యాధికులలో నున్నది; అది తప్పు. ప్రత్యయములు నియమము తప్పక చేరుచు, కాలభేదమును వక్కాణించుచు, ఉత్తమపురుషను మధ్యమపురుషను వేరుచేయుచు నున్న భాష చెడినదగుట యెట్లు?

ఇంతటి భాష తగ్గిపోవుటకు కారణము మలయులు దానిని ద్వేషించుట కాదు. 1873లో దండు పోయినది. దండుతోబాటు వారు గుంపులుగా నివసించు పద్ధతియు పోయినది. పోలీసు, అగ్నిమాపకదళము, కారాగారములు, తేయాకు తోటలు, ఎక్కడ ఉద్యోగము దొరికిన అక్కడికి విడిపోయిరి. 1956లో సింహళమొక్కటే రాజభాషగా శాసనమైన పిమ్మట, కొలువు కోరు తలిదండ్రులు బిడ్డలను సింహళ మాధ్యమమున చేర్చిరి. ముస్లిం పాఠశాలలకు పంపినవారి బిడ్డలు తమిళమున చదివిరి. కలిగినవారు ఇంగ్లీషును పట్టుకొనిరి. 1987లో తమిళమునకును అధికార భాషా స్థానము వచ్చినది, మంచిదే. మలయమునకు ఏ శాసనమునను చోటు రాలేదు. కొలంబోలో ‘స్లేవ్ ఐలండ్’ అని ఇంగ్లీషువారు పిలిచిన కొంపన్నవీధియలో జావా లేన్, మలయ వీధి అను పేర్లు నేటికిని కలవు. ఆ పరిసరములలోని యువకులు తాతతో మలయమున మొదలుపెట్టి ఇంగ్లీషులోనో సింహళములోనో ముగించుట సామాన్యము. వంట మాత్రము ద్వీపమంతయు ప్రాకినది. జీలుగ బెల్లమును కరగించి, గిలకొట్టిన గ్రుడ్లతోను చిక్కని కొబ్బరిపాలతోను కలిపి, ఏలకుల పొడి చల్లి ఆవిరిమీద ఉడికించు వటలప్పము లేనిదే మీ దేశమున పండుగ విందు పూర్తికాదు. ఆ వంటకమును తెచ్చినవారు మలయులే యని వాడుక. వారి పాకమునకు చోటిచ్చిన దేశము వారి పలుకునకు ఇయ్యకుండుట న్యాయమా?

ఈ జాతి మీ విద్యాశాఖకు పరాయిదియు కాదు. తువాన్ బుర్హానుద్దీన్ జాయా మలయుడు. 1921 నుండి 1947 వరకు కొలంబోలోని జాహిరా కళాశాలకు అధ్యక్షుడై దానిని మహాసంస్థగా తీర్చి, స్వాతంత్ర్యోద్యమమున సింహళ తమిళ నాయకుల సరసన నిలిచి, స్వతంత్ర లంక తొలి మంత్రివర్గమున పదవి వహించెను. తన జాతికి ప్రత్యేకమైన వరము లేమియు ఆయన అడిగినట్లు కానరాదు. ఆయన అడుగనిదానిని నేడు మీరు ఇచ్చినచో కాదను వారుండరు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చితిని. మలయము క్షీణించుచున్నదని బాధపడిన పెద్దలు కొందరు కొన్ని దశాబ్దులుగా మలేషియా సహాయమును కోరి, కొలంబోలో తరగతులు నడిపించిరి. వారి సంకల్పము ఉత్తమమైనది. కాని ఆ తరగతులలో నేర్పబడినది మలేషియా ప్రామాణిక భాష. ఇంట ‘సె కాండినాంగ్ సుపి’ యను బాలుడు తరగతిలో అది తప్పని, ‘సాయ పెర్గి కె కాండీ’ యనియే అనవలెనని నేర్చుకొనును. అనగా, ఇదివరకు సింహళమువారు, తమిళమువారు మాత్రమే చిన్నచూపు చూచిన పలుకును ఇప్పుడు మలయ గురువే చిన్నచూపు చూచినట్లయినది. అవ్వ మాటలాడునది తప్పు మలయమని నేర్చిన పిల్లవాడు అవ్వతో మాటలాడుటకు సింహళమునకు మరలును. కౌలాలంపూర్ మలయమును మాటలాడుటకు ఆతనికి ఎదుట మనిషి లేడు. రెండును పోవును. ప్రామాణిక మలయము నేర్చినవారికి విదేశములలో ఉద్యోగము, వ్యాపారము, గ్రంథపఠనము సులభమగునను వాదమును నేను కాదనను. పెద్దతరగతులలో ఐచ్ఛికముగా దానిని నేర్పుడు. ఇంటిభాషకు ప్రత్యామ్నాయముగా మాత్రము వలదు.

ద్వీపమున ఈ భాష ఇంకను పిల్లల నోట జీవించియున్న ఊళ్ళలో చెప్పుకోదగినది హంబన్‌తోట జిల్లాలోని కిరిందా. సముద్రమునకు చేరువనున్న పల్లె. మలయులు అక్కడ గుంపుగా నివసించుచు చేపలవేటను నమ్ముకొన్నవారు. ఈ శతాబ్దారంభమున అక్కడికి వెళ్ళిన భాషావేత్తలు, పిల్లలు తమలో తాము మలయముననే ఆడుకొనుటను కని ఆశ్చర్యపడిరి. ఆ తీరమున హంబన్‌తోట పట్టణమును 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెన తుడిచిపెట్టినప్పుడు చనిపోయినవారిలో మలయులు పెక్కుమంది. ముసలివారితో పోయిన మాటలను తిరిగి తెచ్చువారెవరు? బ్రతికియున్న ఊరియందైన త్వరపడుట యుక్తము.

కిరిందాలో మొదటి మూడు తరగతులకు, తలిదండ్రులు సమ్మతించిన పక్షమున హంబన్‌తోటలోను క్యాండీలోను కూడ, ఇంటి మలయమున దినమునకొక పాఠము చెప్పునట్టి ఏర్పాటు కావలెను. మాధ్యమమును మార్చుమని నేనడుగుట లేదు. సింహళమునో తమిళమునో వారు నేర్వక తప్పదు, నేర్చుచునే యున్నారు. ఉపాధ్యాయుడు ఆ యూరివాడై యుండవలెను. డిగ్రీ లేకున్నను నష్టము లేదు. వాచకమునకు లిపి యేదన్న ప్రశ్న వచ్చును. రోమన్ లిపిలో దంత్య మూర్ధన్యములకును, హ్రస్వ దీర్ఘములకును భేదము చూపుట కష్టము. లంకలోని మలయమునందు ఆ భేదములు స్పష్టముగా వినబడును. తమిళ లిపిలో బ, ద, గ లకు వేరక్షరములు లేవు. సింహళ లిపిలో ఇవన్నియు అమరియున్నవి, పిల్లలకు అది యెటులను వచ్చును. మా గిడుగు రామమూర్తిగారు సవర భాషకు వాచకములు వ్రాసినపుడు పిల్లలకు కంటి యలవాటున్న తెలుగు లిపినే వాడిరి. అది మంచి త్రోవ. అయినను అరబ్బీ లిపియందు మతాభిమానము గల పెద్దలు గుందుల్‌నే కోరినచో అట్లే కానిండు. ఎంపిక వారిది కావలెను, మీది గాని నాది గాని కారాదు. వాచకమునకు సామగ్రి కొరత లేదు. బి.డి.కె. సాల్దిన్ సమకూర్చిన నిఘంటువున్నది. కిరిందా వృద్ధుల మాటలు, కథలు భాషావేత్తలు ధ్వనిముద్రణ చేయగా అవి నెదర్లాండ్సులోని నైమేఖెన్ పట్టణమున మాక్స్ ప్లాంక్ సంస్థ భాండారమున భద్రముగా నున్నవి. ఆ గొంతుల ప్రతి యొకటి ఆ గొంతుల వారి ఊరి బడిలో ఉండునట్లు మీరు కోరినచో ఆ సంస్థ కాదనబోదు.

కడపట మా స్వార్థమొకటి. మీ ద్వీపమున పాములాడించుచు, జోస్యము చెప్పుచు తిరిగి, ఇప్పుడు అంపార జిల్లాలోని అలికంబై వంటి ఊళ్ళలో స్థిరపడిన అహికుంటకులు ఇండ్లలో తెలుగు మాటలాడుదురు. వారి తెలుగును మా తెలుగునకు దిద్దవలెనని రేపు మా దేశమునుండి ఎవరైన బయలుదేరి వచ్చినచో, మలయుల విషయమున నేను చెప్పిన మాటనే వారికిని చెప్పి త్రిప్పిపంపుడు. మలయ పాఠమునకు మీరు చేయు ఏర్పాటు వారి బిడ్డలకును వర్తింపజేయుడు.

కిరిందాకు ఉపాధ్యాయుని నియమించుటకు పార్లమెంటు అనుమతి అక్కరలేదని నా యెరుక. వచ్చు విద్యాసంవత్సరారంభమునకు ముందే ఆ యొక్క ఉత్తరువును జారీచేయ ప్రార్థన.

భవదీయుడు,
తెలుగు పాఠకుడొకడు